ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మూసేస్తే రెండో రాత్రి ఎక్కడ గడుపుతారు?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అమ్మానాన్నలు నాలుగు నెలలు ఉండి వెళ్దామని మా దగ్గరికి వచ్చారు. నాన్నకు 68 ఏళ్ళు, అమ్మకు 63. అక్టోబరు మొదటి వారంలో వాళ్ళిద్దరినీ, మా తొమ్మిదేళ్ళ అబ్బాయినీ తీసుకొని కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్ళాలనుకుంటున్నాం. ఉదయం డెన్వర్‌లో విమానం దిగి, కారు అద్దెకు తీసుకొని, మొదటి రాత్రి ఎస్టెస్ పార్కులో ఉంటాం. మర్నాడు ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీదుగా కొండ దాటి రెండో రాత్రి గ్రాండ్ లేక్‌లో ఉండి, మూడో రోజు రాత్రి విమానానికి డెన్వర్ చేరుకునేలా గదులు తీసుకున్నాం. నాన్నకు రక్తపోటు ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. ఆయనకు ఆ ఎత్తైన రోడ్డు మీద వెళ్ళాలని కోరిక, అమ్మకు మంచు చూడాలని కోరిక. వీళ్ళు ఆ చలికి తట్టుకోగలరా? ఏం బట్టలు కొనాలి? ఇంకా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: మీరు అడిగినవాటిలో బట్టల సంగతి అన్నిటికంటే తేలికైనది కాబట్టి దాని దగ్గరికి తర్వాత వస్తాను. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు కంగారు కలిగించింది చలి కాదు, గ్రాండ్ లేక్‌లో మీరు తీసుకున్న గది. వీలైతే ఈ రోజే దాన్ని రద్దు చేసుకొని, రెండు రాత్రులూ ఎస్టెస్ పార్కులోనే ఉండేలా మార్చుకోండి.

ఎస్టెస్ పార్కు ఊరు ఈ ఉద్యానవనానికి తూర్పు వాకిలి, గ్రాండ్ లేక్ పడమటి వాకిలి. ఈ రెండింటినీ పార్కు లోపలి నుంచి కలిపే దారి ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఒక్కటే. 1932లో రాకపోకలకు తెరిచిన ఈ రోడ్డు 48 మైళ్ళ పొడవు. అందులో సుమారు 11 మైళ్ళు చెట్టన్నది మొలవని ఎత్తులో, గాలికి ఏ అడ్డూ లేని టండ్రా మైదానం మీదుగా సాగి, ఒకచోట 12,183 అడుగులను అందుకుంటుంది. చలికాలం కోసం దీన్ని సాధారణంగా అక్టోబరు నడుమనో చివరనో మూసి, మళ్ళీ మే నెలాఖరుకు తెరుస్తారు. ఆ లెక్కన మొదటి వారంలో భయం లేదనిపిస్తుంది. అయితే చలికాలమంతటికీ మూసివేయడం వేరు, ఒక రాత్రి పడిన మంచును గాలి రోడ్డు మీదికి దిబ్బలుగా తోసినప్పుడు ఒక పూటో రెండు రోజులో మూసివేయడం వేరు. ఈ రెండో రకం మూసివేత సెప్టెంబరులో కూడా జరుగుతూ ఉంటుంది, దానికి ముందుగా తేదీ ప్రకటించేవారెవరూ ఉండరు. అలాంటి రోజున మీరు ఇటు, మీ గది అటు ఉంటే, కొండల చుట్టూ దక్షిణంగా దిగివచ్చి, 11,307 అడుగుల ఎత్తున ఉన్న బెర్తూడ్ పాస్ అనే కనుమ ఎక్కి దిగి గ్రాండ్ లేక్ చేరుకోవాలి. అది మూడు గంటలకు తక్కువ కాని ప్రయాణం. పైగా ట్రెయిల్ రిడ్జ్ మీద మంచు కురిసిన రోజున బెర్తూడ్ పాస్‌లో ఎండ కాస్తుందని ఆశించలేము.

గది మార్చుకుంటే నాన్నగారి కోరికకు లోటు వస్తుందేమోనని మీరు వెనకాడనవసరం లేదు. ఎస్టెస్ పార్కు వైపు నుంచి ఎక్కినప్పుడు రోడ్డులోని అత్యున్నత స్థానం ముందే వస్తుంది, దాన్ని దాటి కొంచెం కిందికి దిగాక 11,796 అడుగుల దగ్గర ఆల్పైన్ విజిటర్ సెంటర్ వస్తుంది. అక్కడిదాకా వెళ్ళి వచ్చిన దారినే వెనక్కి తిరిగితే, ఆ రోడ్డు చూపించే ఎత్తంతా చూసినట్టే. ఆయనకు ఒంట్లో బాగుందనిపిస్తే మరో నాలుగు మైళ్ళు ముందుకు వెళ్ళి, 10,758 అడుగుల దగ్గరున్న మిల్నర్ పాస్‌లో ఖండాన్ని నీటివాలు ప్రకారం రెండుగా చీల్చే రేఖ మీద నిలబడి రావచ్చు. ఆ గట్టుకు ఒక పక్క పడిన చినుకు పసిఫిక్ వైపు, మరో పక్క పడినది అట్లాంటిక్ వైపు పోతుందని చెబితే మీ అబ్బాయి అక్కడ సీసాలో నీళ్ళు కుమ్మరించకుండా ఊరుకోడు. నిజంగా మీరు పోగొట్టుకునేది పడమటి దిక్కున కొలరాడో నది పుట్టి పారే కవునీచీ లోయనూ, అక్కడ మేసే మూస్ జంతువులనూ, కొలరాడోలో సహజసిద్ధమైన సరస్సులన్నిటిలోకీ పెద్దదైన గ్రాండ్ లేక్‌నూ. అది చిన్న నష్టమని అనను గాని, పెద్దవాళ్ళిద్దరితో మూడు రోజుల్లో చేసే ప్రయాణంలో వాటిని వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక చలి గురించి. కొండల్లో ఋతువును క్యాలెండరు చూసి కాక ఎత్తు చూసి లెక్కపెట్టుకోవాలి. పైకి పోయే కొద్దీ వెయ్యి మీటర్లకు ఇంచుమించు ఆరున్నర సెల్సియస్ డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. ఎస్టెస్ పార్కు 7,522 అడుగుల మీద ఉంది, రోడ్డు శిఖరం దానికంటే 1,400 మీటర్లకు పైగా ఎత్తు, అంటే తేడా సుమారు 9 డిగ్రీలు. మీరు ఊళ్ళో 12 డిగ్రీల హాయైన ఎండలో కారెక్కి గంటా గంటంపావులో 3 డిగ్రీల దగ్గర దిగుతారు. అక్కడ గంటకు 60 కిలోమీటర్ల గాలి వీస్తూ ఉంటే, అది వింతేమీ కాదు, ఒంటికి తగిలేది సున్నాకు దిగువన నాలుగైదు డిగ్రీల చలి. అక్టోబరు మొదట్లో ఎస్టెస్ పార్కులో మధ్యాహ్నాలు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండి, తెల్లవారుజామున సున్నా దాకా దిగుతాయి. కాబట్టి ఒక్క రోజులోనే మీరు శరత్తునూ శీతకాలాన్నీ రెండింటినీ చూస్తారు, రెండింటికీ సరిపడే బట్టలు కారులో ఉండాలి. ఆ నెల నిలకడ ఎంతటిదో తెలియాలంటే 2020 సంగతి ఒక్కటి చాలు. ఈస్ట్ ట్రబుల్‌సమ్ అనే అడవి మంట అక్టోబరు 22న ఖండ విభాజక రేఖను దాటి పార్కు తూర్పు భాగంలోకి దూకడంతో ఎస్టెస్ పార్కు ఊరినే ఖాళీ చేయించవలసి వచ్చింది. మూడు రోజులు తిరక్కుండానే ఆ మంట మీద దట్టంగా మంచు కురిసింది.

చలి కంటే నేను ఎక్కువగా ఆలోచించేది నాన్నగారి విషయంలో గాలి పలుచనను గురించి. మీరుండేది సముద్రమట్టానికి ఎంతో ఎత్తు లేని నేల. ఎస్టెస్ పార్కులో గాలి పీడనం అక్కడి దానిలో ముప్పాతిక వంతు మాత్రమే ఉంటుంది, ట్రెయిల్ రిడ్జ్ పైభాగంలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే. ఊపిరితో లోపలికి వెళ్ళే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గుతుంది. సుమారు 8,000 అడుగులు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఇవి వెంటనే కాకుండా చాలాసార్లు ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత బయటపడతాయి కాబట్టి, పగలు పైన హుషారుగా తిరిగిన మనిషి రాత్రి పడక మీద బాధపడవచ్చు. వయసును బట్టి గాని బలాన్ని బట్టి గాని ఇది ఎవరికి వస్తుందో చెప్పలేము. మీ అబ్బాయికి వచ్చి మీ నాన్నగారికి రాకపోనూవచ్చు. పిల్లవాడు కారణం లేకుండా చిరాకు పడుతూ తిండి వద్దంటే అలక అనుకోకుండా ఎత్తును అనుమానించండి.

రక్తపోటు ఉన్నవారికి ఇందులో మరో చిక్కు ఉంది. ఎత్తైన చోటికి చేరిన తొలి రోజుల్లో రక్తపోటు కొంత పెరగడం సహజం, చలి కూడా రక్తనాళాలను బిగించి దాన్ని మరికొంత పెంచుతుంది. అదుపులో ఉన్న రక్తపోటుతో చాలామంది ఆ రోడ్డు మీద తిరిగి వస్తూనే ఉంటారు. అయినా బయలుదేరే రెండు వారాల ముందే ఆయన వైద్యుణ్ణి కలిసి, 12,000 అడుగుల దాకా వెళ్తున్నామని అంకెతో సహా చెప్పి, ఆయన వేసుకునే మాత్రల పేర్లు చూపించి, గుండె గురించి ఏమైనా పరీక్ష అవసరమా, మోతాదు ఏమైనా మార్చాలా, ఎత్తు బాధ రాకుండా ముందుగా ఇచ్చే మందు ఆయనకు సరిపడుతుందా అని అడగండి. ఆ మందును స్నేహితుల మాట మీద తెచ్చి ఇవ్వకండి. మాత్రలనూ, ఇంట్లో రక్తపోటు చూసే యంత్రాన్నీ చేతిసంచిలోనే పెట్టుకోండి.

ఎత్తుకు అలవాటు పడటానికి మొదటి రాత్రి 5,280 అడుగుల మీదున్న డెన్వర్‌లో గడపడం అన్నిటికంటే మేలైన పని. మీకు ఉన్నవి రెండే రాత్రులు కాబట్టి అంత సమయం లేదనుకుంటే, మొదటి రోజు ఎస్టెస్ పార్కు చేరాక విశ్రాంతి తప్ప మరో పని పెట్టుకోకండి. నీళ్ళు తరచుగా తాగించండి, అక్కడి గాలి పొడిగా ఉండడం వల్ల దాహం తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గి, పెదవులు పగిలి, కొందరికి ముక్కు నుంచి రక్తం కూడా వస్తుంది. పైన ఉన్నప్పుడు తలనొప్పి మొదలైతే దానికి అసలు మందు కిందికి దిగడమే, వెయ్యి అడుగులు దిగినా తేడా తెలుస్తుంది. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలుతున్నా, మాటల్లో పొంతన తప్పినా, ఛాతీలో నొప్పి అన్నా ఆలోచించకుండా దిగి ఆసుపత్రికి వెళ్ళండి. ఎస్టెస్ పార్కులో ఆసుపత్రి ఉంది. ఆల్పైన్ విజిటర్ సెంటర్ పక్కనే మెట్లదారి ఒకటి గుట్ట మీదికి పోతుంది. చూడటానికి పావుగంట పనిలా కనిపించే ఆ మెట్లు ఆ గాలిలో కుర్రవాళ్ళ చేత కూడా రొప్పిస్తాయి. నాన్నగారు అక్కడ ఎక్కకపోవడమే మంచిది, కారు దగ్గర నిలబడినా కనిపించే దృశ్యంలో పెద్ద తేడా లేదు.

ఇప్పుడు బట్టల దగ్గరికి వద్దాం. ఒక మందపాటి కోటు కొని దాని మీద భారం వేయడం కంటే, పలుచటి మూడు పొరలు మేలు. ఒంటిని అంటుకుని ఉండేది ఉన్నితోనో కృత్రిమ దారంతోనో నేసిన థర్మల్, దాని మీద ఫ్లీస్ గాని ఈకలు కూరిన పలుచటి జాకెట్టు గాని, అన్నిటికీ పైన గాలినీ తడినీ ఆపే పొర. ఈ మూడింటిలో కొనడానికి డబ్బు తక్కువగా ఉంటే పైపొర మీదే ఖర్చు పెట్టండి, ఎందుకంటే అక్కడ వేడిని దోచుకుపోయేది గాలి. లోపల నూలు బనియన్లు వద్దు. నూలు చెమటను పీల్చుకొని పట్టి ఉంచుతుంది, తడిసిన నూలు ఒంటి వేడిని నిలపలేదు. అమ్మగారు తనకు అలవాటైన దుస్తులే వేసుకుంటానంటే కాదనకండి. వాటి లోపల పైనా కిందా థర్మల్స్, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, పట్టు ఉన్న మూసిన బూట్లు ఉంటే చాలు. చెవులు కప్పే టోపీ, చేతితొడుగులు అందరికీ ఉండాలి. తొమ్మిదేళ్ళవాడు కనీసం ఒక చేతితొడుగైనా పోగొడతాడు, రెండో జత పెట్టుకోండి. చల్లగా ఉంది కదా అని ఎండను మరవకండి, వెయ్యి మీటర్లకు పది శాతం దాకా అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి కాబట్టి నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ తప్పవు.

చలికి తట్టుకోగలరా అని మీరు అడిగారు. పొడిగా, కదులుతూ, కడుపులో ఏదో ఒకటి పడుతూ ఉన్న మనిషి తట్టుకుంటాడు. ప్రమాదం ఎక్కువగా తడిసినవారికీ, ఒకేచోట చాలాసేపు నిలబడినవారికీ వస్తుంది. మీ విషయంలో ఆ నిలబడటం ఎక్కడ జరుగుతుందో ఇప్పుడే చెప్పగలను, ఎల్క్‌లను చూసే చోట.

ఎల్క్ అంటే దుప్పి జాతిలో గుర్రమంతటి జంతువు, పెద్ద మగది 1,100 పౌండ్ల దాకా తూగుతుంది. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా వాటికి జతకూడే కాలం, కాబట్టి మీరు సరిగ్గా మంచి సమయానికే వెళ్తున్నారు. సాయంత్రం పొద్దు వాలేవేళ అవి అడవి నుంచి పచ్చికబయళ్ళలోకి దిగుతాయి. ఒక్కొక్క మగది తన చుట్టూ ఆడవాటి మందను పోగుచేసుకొని, మరొక మగది దరి చేరకుండా కాపలా కాస్తూ, మెడ చాచి అరుస్తుంది. ఆ అరుపు గొంతులో లోతుగా మొదలై, సన్నబడుతూ ఈలలా పైకి లేచి, చివర రెండు మూడు గుర్రులతో ఆగిపోతుంది. అంత పెద్ద ఒంట్లో నుంచి అంత సన్నని కూత వస్తుందని మొదటిసారి విన్నవారెవరూ నమ్మలేరు. ఆ కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ కొత్తగా మొలుస్తాయని మీ అబ్బాయికి చెప్పండి. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఈ ప్రాంతంలో వేటగాళ్ళు వీటిని దాదాపు తుడిచిపెట్టారు. 1913, 1914 సంవత్సరాల్లో యెల్లోస్టోన్ వైపు నుంచి తెచ్చి వదిలిన మందల వల్లనే ఇవాళ మీరు వాటిని చూడగలుగుతున్నారు. ఆ మరుసటి ఏడే, 1915 జనవరి 26న, ఈ ప్రాంతం జాతీయ ఉద్యానవనం అయింది.

మొరెయిన్ పార్క్, హార్స్‌షూ పార్క్, అప్పర్ బీవర్ మెడోస్ అనే బయళ్ళు చూడటానికి అనువైనవి, మూడూ ఎస్టెస్ పార్కుకు దగ్గరే. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 31 దాకా సాయంత్రం 5 నుంచి మర్నాటి ఉదయం వరకు ఈ బయళ్ళలోకి కాలినడకన దిగడం నిషేధం, రోడ్డు అంచున నిలబడి చూడాలి. ఎల్క్‌కూ మీకూ మధ్య కనీసం 75 అడుగులు, అంటే రెండు బస్సుల పొడవు ఉండాలి, మూస్‌కూ ఎలుగుబంటికీ 120 అడుగులు. ఈ నియమం జంతువుల కోసం ఎంతో మనుషుల కోసమూ అంతే. ఈ కాలంలో మగ ఎల్క్‌కు కారుకూ పోటీదారుకూ తేడా తెలియనంత ఆవేశం ఉంటుంది. పార్కు లోపల అందరూ జాగ్రత్తగానే ఉంటారు, అజాగ్రత్తంతా ఎస్టెస్ పార్కు ఊళ్ళో జరుగుతుంది. అక్కడ అవి హోటళ్ళ ముందు పచ్చికలోనూ, కార్లు నిలిపే చోటా పెంపుడు పశువుల్లా తిరుగుతుంటే, ఫోటో కోసం పిల్లవాణ్ణి ముందు నిలబెట్టే తల్లిదండ్రులను నేను కళ్ళారా చూశాను. మీరు ఆ పని చేయరనే నమ్మకంతోనే రాస్తున్నాను.

ఇలా చూస్తూ గంటన్నర కదలకుండా నిలబడిపోతారు, సూర్యుడు కొండ చాటుకు పోగానే పది నిమిషాల్లో వేడి పడిపోతుంది. పెద్దవాళ్ళ కోసం మడత కుర్చీలు, కాళ్ళ మీద కప్పుకోవడానికి దుప్పటి, ఫ్లాస్కులో వేడిగా తాగేది ఏదైనా ఉంటే ఆ గంటన్నర సుఖంగా గడుస్తుంది. వణుకు మొదలైతే కారులో కూర్చోబెట్టండి. వణుకుతూ ఉన్న మనిషి మాట ముద్దగా వస్తున్నా, బొత్తాం పెట్టుకోవడానికి వేళ్ళు తడబడుతున్నా అది మామూలు చలి కాదని తెలుసుకోండి.

ఆకుల రంగుల గురించి మీరు అడగలేదు గాని, చాలామంది అందుకోసమే వెళ్తారు కాబట్టి ఒక మాట. ఆస్పెన్ చెట్ల పసుపు ఈ పార్కులో సెప్టెంబరు రెండో సగంలో బాగా పండుతుంది. మీరు వెళ్ళేనాటికి పైవాలుల్లో చెట్లు బోసిపోయి ఉంటాయి, కింది లోయల్లో కొంత మిగిలి ఉండవచ్చు. ఒక రాత్రి పెనుగాలి వీస్తే అదీ ఉండదు. మిగిలిన గుంపులను చూసినప్పుడు ఒక గుంపంతా ఒకే పసుపులో, పక్క గుంపు ఇంకా పచ్చగా ఉండటం గమనించండి. ఒక్కో గుంపులో వందల చెట్లు ఒకే వేరు నుంచి లేచిన పిలకలై ఉంటాయి, అందుకే అవన్నీ ఒకేసారి పండుతాయి, ఒకేసారి రాలుతాయి.

ప్రవేశం విషయంలో అశ్రద్ధ చేస్తే గేటు దగ్గర నుంచి వెనక్కి రావలసి వస్తుంది. 2020 నుంచి ఈ పార్కులో రద్దీ నెలల్లో వేళ నిర్ణయించి ముందస్తు రిజర్వేషన్లు ఇస్తున్నారు, ఆ కాలం అక్టోబరు నడుమ దాకా సాగుతూ వచ్చింది. ఇందులో రెండు రకాలు ఉన్నాయి. బేర్ లేక్ రోడ్డుతో సహా పార్కంతటికీ పనికివచ్చేది ఒకటి, ఆ రోడ్డు మినహా మిగిలిన పార్కుకు పనికివచ్చేది మరొకటి. మొదటిది ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా వెళ్ళేవారికీ, రెండోది ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా వెళ్ళేవారికీ అవసరం. మీరు మొదటిదే తీసుకోండి. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఒక నెలవి అంతకు ముందు నెల 1వ తేదీ ఉదయం 8 గంటలకు, అక్కడి మౌంటెన్ సమయం ప్రకారం, వదులుతారు. అంటే మీవి సెప్టెంబరు 1న వస్తాయి. అప్పుడు దొరకకపోతే, ప్రతి రోజూ రాత్రి 7 గంటలకు మర్నాటికోసం కొన్ని విడుదల చేస్తారు. ఏదీ దొరకకపోయినా, ఉదయం 9కి ముందు గేటు దాటితే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డుకు రిజర్వేషన్ అక్కర్లేదు, మధ్యాహ్నం 2 తర్వాత హార్స్‌షూ పార్క్, అప్పర్ బీవర్ మెడోస్‌లలో ఎల్క్‌లను చూడటానికీ అక్కర్లేదు. మొరెయిన్ పార్క్ మాత్రం బేర్ లేక్ రోడ్డు మీద ఉంది. ఇది కాక ప్రవేశ రుసుము వేరే ఉంటుంది. అమెరికా నివాసులు కానివారికి 2026 జనవరి 1 నుంచి 11 పెద్ద పార్కులలో ప్రత్యేక రుసుము వచ్చింది, వాటిలో ఇదీ ఒకటి. కాబట్టి మీ అమ్మానాన్నల విషయంలో ఏది వర్తిస్తుందో పార్కు అధికారిక పేజీలో చూసుకొని, అందరి గుర్తింపు పత్రాలూ వెంట పెట్టుకోండి.

కారు తీసుకునేటప్పుడు టైర్ల వైపు ఒకసారి వంగి చూడండి. వాటి పక్కన ఎం, ఎస్ అనే అక్షరాల గుర్తు, అంటే బురదలోనూ మంచులోనూ పట్టు ఇచ్చే రకమని చెప్పే గుర్తు, ఉందో లేదో, గాడులు అరిగిపోలేదో చూసి, అనుమానం ఉంటే అక్కడే మార్పించుకోండి. పార్కు లోపల పెట్రోలు బంకులు లేవు, ఎస్టెస్ పార్కులోనే నింపుకోవాలి. మొబైల్ సిగ్నల్ చాలా చోట్ల అందదు కాబట్టి పటాలను ఫోనులో ముందే దించుకోండి. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు వాలు ఎక్కడా 7 శాతం మించదు, నిదానంగా నడిపేవారికి కష్టం కాదు. కానీ చాలా చోట్ల అంచున గోడ గాని కమ్మీ గాని ఉండదు, లోయ సరాసరి కిందికి కనిపిస్తుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసే ఉంచకుండా తక్కువ గేరులో దిగండి. ఎత్తులంటే భయపడేవారు ఎవరైనా ఉంటే వెనక సీట్లో కొండ వైపు కూర్చోబెట్టండి. ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు అని 1920 నాటి మట్టిదారి ఒకటి ఉంది, పైకి మాత్రమే పోయే ఒంటిదారి. అది తెరిచి ఉన్నా ఈసారికి వదిలేయండి. రాత్రి కారులో తినేవి ఏవీ ఉంచకండి, చలికాలపు నిద్రకు ముందు ఎలుగుబంట్లు రోజుకు 20,000 కేలరీల దాకా తింటాయి, కారు తలుపు తీయడం వాటికి తెలుసు.

ఇక రోజుల కూర్పు. మొదటి రోజు చేరి పడుకోండి, ఓపిక ఉంటే సాయంత్రం ఎల్క్‌ల దగ్గరికి మాత్రం వెళ్ళండి. పైరోడ్డుకు నేను మూడో రోజు ఉదయాన్ని ఎంచుకుంటాను, అప్పటికి నాన్నగారి ఒంటికి ఎత్తు కొంత పరిచయమవుతుంది. ఎనిమిది గంటలకల్లా బయలుదేరితే పన్నెండింటికి కిందికి వచ్చి, రాత్రి విమానానికి తీరిగ్గా చేరుకోవచ్చు, ఎస్టెస్ పార్కు నుంచి డెన్వర్ విమానాశ్రయం రెండు గంటల లోపు దూరమే. అయితే రెండో రోజు రాత్రికి మంచు పడేలా ఉందని వాతావరణ సూచన చెబితే, అలవాటు సంగతి పక్కన పెట్టి, అందరూ బాగా నిద్రపోయి లేచారనుకుంటే, రెండో రోజు ఉదయమే వెళ్ళిరండి. ప్రతి ఉదయం పార్కు వారి రోడ్డు సమాచారం చూసి గాని తాళాలు చేతిలోకి తీసుకోవద్దు. రెండు ఉదయాలూ రోడ్డు మూసే ఉంటే, మెనీ పార్క్స్ కర్వ్ అనే మలుపు దాకా చలికాలంలో కూడా మామూలుగా తెరిచే ఉంచుతారు. 9,640 అడుగుల మీదున్న ఆ మలుపు దగ్గర నిలబడితే కింద బయళ్ళన్నీ ఒకేసారి కనిపిస్తాయి. గేటు వేసి ఉండగా అక్కడిదాకానే వెళ్ళి తిరిగి వచ్చిన ఒక ప్రయాణం నాకూ ఉంది, చిన్నబుచ్చుకున్నది మొదటి ఐదు నిమిషాలే.

మిగిలిన పూట బేర్ లేక్ రోడ్డుకు కేటాయించండి. దారిలో స్ప్రేగ్ లేక్ చుట్టూ ఉన్న బాట ఒక మైలు లోపే, చదునైనది, పెద్దవాళ్ళకు హాయిగా ఉంటుంది. దారి చివర 9,475 అడుగుల మీద బేర్ లేక్ ఉంది, దాని చుట్టూ కూడా మైలు లోపే గాని కొద్దిగా ఎక్కుడు దిగుడు ఉంటుంది. నీడలో పడిన చోట్ల ఉదయంపూట బాట మీద గడ్డకట్టిన పొర ఉంటుంది, అది కంటికి కనబడదు. బూట్లకు తగిలించుకునే మైక్రోస్పైక్స్ రెండు జతలు ఉంటే నాన్నగారికీ అమ్మగారికీ తొడగండి, నడకకర్రలు ఉంటే మరీ మంచిది. విజిటర్ సెంటర్‌లో మీ అబ్బాయికి జూనియర్ రేంజర్ పుస్తకం ఉచితంగా ఇస్తారు, అందులోని పనులు పూర్తి చేస్తే బ్యాడ్జి ఇస్తారు, పెద్దవాళ్ళు విశ్రాంతి తీసుకునే వేళల్లో వాడికి అదే కాలక్షేపం.

నాన్నగారు కోరిన రోడ్డు, అమ్మగారు కోరిన మంచు ఒకే రోజున దొరకడం అరుదు, ఎందుకంటే ఆ మంచే ఆ రోడ్డును మూయించేది. ఆకాశం తేటగా ఉంటే ఆయన పైకి వెళ్తారు, ఆమెకు అక్కడ నీడవాలుల్లో మిగిలిన తెల్లని మరకలు, దూరాన నెవర్ సమ్మర్ కొండల మీద కొత్తగా పడినదీ కనిపించవచ్చు. అదే రాత్రి కురిసి తెల్లవారేసరికి ట్రెయిల్ రిడ్జ్ గేటు పడితే, తొందరపడకుండా రోడ్లు శుభ్రం చేసేదాకా ఆగి, టైర్లు సరిగ్గా ఉన్నాయనుకుంటేనే బేర్ లేక్‌కు వెళ్ళండి. ఆ రోడ్డును ఏడాది పొడవునా తెరిచి ఉంచుతారు. అక్కడ సరస్సు ఒడ్డున, దేవదారు కొమ్మల మీద నిలిచిన మంచును అమ్మగారు చేత్తో తాకి చూడవచ్చు. ఆ రోజున నాన్నగారికి మడత కుర్చీ, దుప్పటి, ఫ్లాస్కు మరచిపోకండి.